గుటకడి వారంటు

నాంచారయ్య ముప్ఫయ్యొక్కేళ్ళు జైల్లో గడిపాడు. అయ్యో పాపం అనకండి, తాళాల గుత్తి ఆయన చేతిలోనే ఉండేది. దివిసీమలో కొన్నాళ్ళు, గుడివాడలో తొమ్మిదేళ్ళు, చివరికి సొంతూరు బందరులో, ఎక్కడికి బదిలీ చేసినా అదే వార్డరు ఉద్యోగం. పొద్దున్నే తాళాలు తీసి ఖైదీల్ని వరసగా కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టడం, సాయంత్రం మళ్ళీ లెక్కపెట్టి తాళాలు వెయ్యడం. ఈ రెంటికీ మధ్య వాళ్ళు తిన్నారా, కొట్టుకున్నారా, జ్వరాలేమన్నా తగిలాయా అని చూసుకోవడం. ఇన్నేళ్ళలో ఆయన డ్యూటీలో లెక్క ఒక్కటి తగ్గలేదు. పారిపోయీ తగ్గలేదు, చచ్చిపోయీ తగ్గలేదు. ఈ మాట ఏ పెళ్ళికి వెళ్ళినా విస్తట్లో పప్పు పడేలోగా చెప్పేసేవాడు కాబట్టి చుట్టాలందరికీ నోటికొచ్చు.

భార్య సౌభాగ్యమ్మకి ఈ లెక్కల గోలంటే ఒళ్ళుమంట. బజారు నుంచి తెచ్చిన వంకాయల్ని కూడా వరస పెట్టి లెక్కపెడతాడు ఆ మనిషి. "ఊళ్ళో ఖైదీలకి శిక్ష పూర్తయితే వదిలేస్తారు, నాకే ఆ యోగం లేదు" అని పక్కింటావిడతో అంటూ ఉండేది. అంటూనే ఆయనకిష్టమని చేపల పులుసు ముందురోజే కాచి అట్టిపెట్టేది. అలా దెప్పుకుంటూ, వడ్డించుకుంటూ వాళ్ళ కాపురం హాయిగానే సాగిపోయింది.

ఆయన రిటైర్మెంటు ఇంకో ఏడాదిలోకొచ్చిందనగా, రెండువేల నాలుగులో, ఇంటి వీధిగది అద్దెకిచ్చారు. తీసుకున్నది శ్రీకృష్ణ. గిలకలదిండిలో సముద్రం మీద వేటకెళ్ళే వాళ్ళింటి అబ్బాయి. హైదరాబాదులో కంప్యూటర్లు చదువుకొచ్చి, నాలుగు పాత మెషీన్లు కొని సెంటరు పెట్టాడు. అతని భార్య లక్ష్మీదుర్గ కూడా అక్కడే పాఠాలు చెప్పేది. ఇద్దరూ చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికొచ్చేవాళ్ళు. సౌభాగ్యమ్మకి అంతకుమించిన సర్టిఫికెట్టు అక్కర్లేదు.

ఆ వేసవిలో లైన్లు బాగుచేస్తున్నామని ఆదివారాలు పొద్దున తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా కరెంటు తీసేసేవారు. ఒక ఆదివారం నాంచారయ్య అరుగు మీద పేపరు చూసుకుంటూ ఉంటే వీధిగదిలోంచి ఎవరిదో మగగొంతు వినపడింది. గొంతు కోసి బావిలో పడేద్దాం, ఎవడికీ తెలీదు, అంటోంది ఆ గొంతు. ఆయన సర్వీసంతా ఒక్కసారి ఒంట్లో లేచి నిలబడింది. మూలనున్న కర్ర పుచ్చుకుని తలుపు తోసుకుని లోపలికెళ్ళాడు. తీరా చూస్తే శ్రీకృష్ణ, లక్ష్మీదుర్గ, వాళ్ళ స్నేహితుడు భరత్ చాప మీద కూర్చుని పునుగులు తింటున్నారు. తలో కాగితం, మధ్యలో ఒక పాలడబ్బా. శవం లేదు, బావీ లేదు.

అదొక ఆటట. శ్రీకృష్ణ కాలేజీ రోజుల్లో నేర్చుకున్నాడు. ఒకడు కథ చెబుతాడు, మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులు. ఇదిగో గుహ, అదిగో రాక్షసుడు, ఏం చేస్తారు, అని వాడు అడుగుతాడు. ఏం చేస్తారో వీళ్ళు చెప్పాలి. చేసింది పారిందో లేదో తేల్చడానికి అసలైతే ఇరవై మొహాల పాచిక కావాలి. బందరులో అదెక్కడ దొరుకుతుంది? హౌసీ ఆట బిళ్ళల్లోంచి ఒకటి మొదలు ఇరవై దాకా ఏరి పాలడబ్బాలో పోశాడు శ్రీకృష్ణ. పెద్ద అంకె తీస్తే గెలిచినట్టు, చిన్నదొస్తే తన్నులు తిన్నట్టు. ఇదంతా బోధపడటానికి నాంచారయ్యకి రెండు ప్లేట్ల పునుగులు పట్టాయి. బోధపడ్డాక మరి అక్కణ్ణుంచి లేవలేదు. వచ్చే ఆదివారానికి ఆయనే నాలుగోవాడు.

భరత్ సంగతి కూడా చెప్పాలి. గుడివాడ దగ్గర పల్లెటూళ్ళో పొలాలున్న ఇంటివాడు. మందుల కంపెనీలో తిరుగుడు ఉద్యోగం కాబట్టి బందరులో గది తీసుకుని ఉండేవాడు. మాటకారి, మొండివాడు, మనసు మాత్రం వెన్న. ఆటలో అతను రణధీరుడు, ధర్మం కోసం కత్తి పట్టి, రాజుగారికి ప్రమాణం చేసి, దేవుడిచ్చిన శక్తులతో తిరిగే వీరుడు. లక్ష్మీదుర్గ మంత్రగత్తె. దొంగగా కూడా ఉండొచ్చండీ అని నాంచారయ్యతో అంటే ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఆలోచించి ఆలోచించి, ఈటె పట్టుకునే కావలివాణ్ణి, పేరు భద్రయ్య అన్నాడు. ఆటలోనూ అదే ఉద్యోగమా, ఖర్మ కాకపోతే, అని సౌభాగ్యమ్మ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది.

అందరూ ఇంకొకటి కూడా నింపాలి. శ్రీకృష్ణ తొమ్మిది గళ్ళ పటం ఒకటి గీశాడు. నిలువుగా మంచి, మధ్యరకం, చెడు. అడ్డంగా కట్టుబాటున్నవాడు, అటూ ఇటూ కానివాడు, తన ఇష్టమొచ్చినట్టు పోయేవాడు. మనిషి గానీ భూతం గానీ ప్రతివాడూ ఏదో ఒక గడిలో పడాలి. భరత్ ఠక్కున మంచి, కట్టుబాటు కలిసే గడిలో గుర్తు పెట్టేశాడు. నాంచారయ్య మాత్రం పెన్ను పట్టుకుని పావుగంట కూర్చున్నాడు. జైలుకి కొత్తవాడొస్తే నింపే ఫారంలో పేరుంటుంది, తండ్రి పేరుంటుంది, పుట్టుమచ్చలుంటాయి, ఏ సెక్షను కింద వచ్చాడో ఉంటుంది. మంచివాడా చెడ్డవాడా అని కాలమ్ ఎక్కడా లేదే, అన్నాడు. తర్వాత చూద్దాం లెండి బాబాయ్‌గారూ అని శ్రీకృష్ణ ఆయన గడి ఖాళీగా వదిలేశాడు.

కథేమిటంటే, ఒక మంచి రాజుగారి కోట మీద మరుగుజ్జు భూతాలు దండెత్తుతున్నాయి. అడవిలో వాటి జాడలు తెలుసుకుని కోటకి కబురు చేర్చాలి వీళ్ళు. వానాకాలం వచ్చేసరికి ఒక వాగు దగ్గర భూతాల కావలి గుంపు ఎదురుపడింది. కొట్లాటలో అన్నీ పారిపోయాయి, ఒకటి చిక్కింది. కాళ్ళూ చేతులూ కట్టేశారు. భరత్ మరో మాట లేకుండా, రణధీరుడు కత్తి తీశాడు, అన్నాడు. వదిలేస్తే వెళ్ళి మిగతావాళ్ళకి చెబుతుంది, వెంట తీసుకెళ్తే పాముకి పాలుపోసి పెంచినట్టే. పైగా రూలు పుస్తకంలోనే ఉంది, ఈ భూతాలు పుట్టుకతోనే చెడు గడివి. మంచి గడిలో వాడు చెడు గడిలో దాన్ని చంపితే పాపం అంటదు. లక్ష్మీదుర్గకి కూడా అది సబబుగానే తోచింది.

నాంచారయ్య జేబులోంచి పెన్ను తీశాడు. "పేరేమిటి?" అని శ్రీకృష్ణనడిగాడు.

ఎవరి పేరని శ్రీకృష్ణ తెల్లమొహం వేశాడు. పట్టుబడ్డవాడి పేరయ్యా, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద గుర్తులు రెండు. ఇవి రాసుకోకుండా ఒకణ్ణి ఎలా ఉంచుకుంటాం, అని ఈయన. పాపం శ్రీకృష్ణ పుస్తకమంతా వెతికాడు. భూతాలకి ఎంత బలముంటుందో ఉంది, ఎన్ని దెబ్బలకి చస్తాయో ఉంది, తండ్రి పేరు మాత్రం లేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాడు. పేరు గుటకడు. తండ్రి మింగుడు. ఊరు పాచిగుహ. ఎడమ చెవి సగం చిరిగి ఉంటుంది, కుడి మోకాలి మీద మచ్చ. నాంచారయ్య అన్నీ అందంగా రాసుకుని, కింద సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతదాకా 'అది' అన్నవాళ్ళు కాస్తా అప్పట్నుంచి 'వాడు' అనడం మొదలెట్టారు. ఎవరూ గమనించుకోలేదు.

అక్కణ్ణుంచి చూడాలి తమాషా. ప్రతి ఆదివారం ఆట మొదలెట్టే ముందు నాంచారయ్య లెక్కపెట్టేవాడు. ఖైదీలెందరు, ఒకరు. ఉన్నాడా, ఉన్నాడు. గుటకడికి పచ్చి మాంసం తప్ప సయించదని శ్రీకృష్ణ అంటే, మాంసం వారానికొకసారే, మిగతా రోజులు గంజే, అని తేల్చేశాడు. గుటకడి గొంతు శ్రీకృష్ణే పలికేవాడు, ముక్కుతో ఏడుస్తున్నట్టు. వాడు రణధీరుడి వేలు కొరికాడు, మంత్రగత్తె సంచిలో ఉప్పు తినేశాడు, ఒకసారి చెట్టెక్కి దిగనన్నాడు. వాణ్ణి మేపుతూ, మోస్తూ, కాస్తూ వీళ్ళ ప్రయాణం నత్తనడకైపోయింది. రెండు నెలలకి భరత్ ఓపిక చచ్చింది.

వాడన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి, అన్నాడు. మీకు వాడి మీద జాలి ఎక్కువైంది మావయ్యగారూ, జాలితో యుద్ధాలు జరగవు, మీకు కుదరకపోతే మీరు చూస్తూ కూర్చోండి, మేం ఆడుకుంటాం, అని కూడా అనేశాడు. నాంచారయ్యకి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఈ ఆదివారాలంటే ఆయనకి ఎంతిష్టమో ఆయనకే తెలుసు. తాళాలూ తలలూ తప్ప ఇంకేమీ చూడని మనిషి, ఈ వయసులో అడవులు తిరిగాడు, వాగులు దాటాడు, చాప మీద కూర్చుని సొంత మనుషుల్లా పోట్లాడుకునే ముగ్గుర్ని సంపాదించుకున్నాడు. అది పోతుందంటే నిజంగానే భయమేసింది. గుటకణ్ణి ఇచ్చేస్తే సరిపోయేది. ఇవ్వబుద్ధి కాలేదు.

"గుడివాడలో ఉండగా ఒకణ్ణి తీసుకొచ్చారు బాబూ" అన్నాడు నెమ్మదిగా. "కన్నతల్లిని చంపి మెళ్ళో గొలుసు తెంపుకుపోయినవాడు. వాడొచ్చిన నెల్లోనే మా అమ్మ పోయింది. కర్మలు అయ్యాక గుండుతో డ్యూటీకెళ్ళి వాడికి అన్నం పెట్టించాను. పదకొండు నెలలు పెట్టించాను. జాలి అంటున్నావు. వాడంటే నాకు అసహ్యం, ఇప్పటికీ అసహ్యమే. ఒకరోజు పొద్దున లెక్కకి లేవలేకపోయాడు, ఒళ్ళు కాలిపోతోంది. పోతే పీడా పోతుందనుకున్నాను. అనుకుంటూనే డాక్టరు కోసం పరిగెత్తాను. వాడికి యావజ్జీవం పడింది. అది కోర్టు పని. వాణ్ణి ప్రాణాలతో కోర్టు మెట్లెక్కించడం నా పని. మంచి గడిలో ఉంటే చాలు, చెడ్డవాణ్ణి చంపెయ్యొచ్చంటే, ఆ పొద్దున నేను మంచి గడిలోనే ఉన్నాను బాబూ."

భరత్ తన కాగితం మళ్ళీ ముందుకి లాక్కున్నాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. గుటకణ్ణి కోట దాకా తీసుకెళ్ళి రాజుగారి మనుషులకి ఒప్పజెప్పాలి, అందాకా వాడి భారమంతా భద్రయ్యదే. నాంచారయ్యకి అదే పదివేలు. ఆ రోజు ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

శీతాకాలం వచ్చింది. కరెంటు కోతలు పోయినా వీళ్ళు మాత్రం ఆదివారం పొద్దున ఫ్యాను కూడా వేసుకోకుండా అదే చాప మీద కూర్చునేవాళ్ళు. మధ్యలో ఒక ఆదివారం నాంచారయ్యకి డ్యూటీ పడింది. ఆ పూటంతా మనసు మనసులో లేదు. భరత్ ఏం చేస్తాడో అని ఒకటే గుబులు. సాయంత్రం యూనిఫాం కూడా విప్పకుండా వీధిగదిలోకెళ్ళి అడిగాడు. లక్ష్మీదుర్గ నవ్వింది. నది దాటేటప్పుడు గుటకడు కొట్టుకుపోబోతే రణధీరుడు దూకి జుట్టు పట్టి లాగాడట. వాడు చస్తే మావయ్యగారితో ఎవరు పడతారని విసుక్కున్నాడట కూడా. భరత్ మళ్ళీ వచ్చినప్పుడు నాంచారయ్య సౌభాగ్యమ్మతో చెప్పి రొయ్యల వేపుడు చేయించాడు.

ఫిబ్రవరిలో, ఇంకో ఎనిమిది రోజుల్లో రిటైర్మెంటు అనగా, గుటకడితో కలిపి నలుగురూ కోట దగ్గరికి చేరారు. భూతాల జాడలు చెప్పారు, సైన్యం వెళ్ళి వాటిని ఓడించింది, రాజుగారు మెచ్చుకున్నారు. కోట గుమ్మం దగ్గర సేనాపతి ఎదురొచ్చాడు. ఆజానుబాహువు, మంచి గడివాడు, కట్టుబాటు గడివాడు, రణధీరుడిది ఏ గడో అతనిదీ అదే గడి. రేపు విజయోత్సవం, దొరికిన భూతాలన్నిటి తలలూ కోటగోడ మీద పెడుతున్నాం, దీన్ని కూడా ఇటివ్వండి, అన్నాడు. నాంచారయ్య జేబులోంచి గుటకడి కాగితం తీశాడు. ఒప్పజెబుతానని ఒప్పుకున్నమాట నిజమే.

"వారంటు ఏది?" అన్నాడు.

శ్రీకృష్ణకి అర్థం కాలేదు. నాంచారయ్య వివరంగా చెప్పాడు. విచారణ జరిగిందా, జరిగితే ఎవరు చేశారు, ఏం తేల్చారు, ఆ కాగితం మీద సంతకం ఎవరిది. కాగితం లేకుండా ఖైదీని గేటు దాటించడం కుదరదు, వదలడానికైనా, ఉరికైనా. రాజుగారి నోటిమాటే వారంటు అని సేనాపతి గొంతుతో శ్రీకృష్ణ గద్దించాడు. నోటిమాట మీద ముప్ఫయ్యొక్కేళ్ళలో ఒక్కణ్ణి కూడా పంపలేదండీ, అన్నాడు నాంచారయ్య. సేనాపతి కత్తి దూశాడు. భద్రయ్య ఈటె అడ్డంపెట్టి గుటకడి ముందు నిలబడ్డాడు.

శ్రీకృష్ణ సేనాపతి గొంతు వదిలేసి తన గొంతుతోనే బతిమాలాడు. బాబాయ్‌గారూ, ఆ సేనాపతి చాలా పెద్దవాడు, పద్దెనిమిదికి తగ్గితే మీరు పోతారు. ఒకసారి పోతే భద్రయ్య మళ్ళీ రాడు, అది రూలు, నేనేం చెయ్యలేను. తొమ్మిది నెలల మనిషి భద్రయ్య. నవ్వొస్తుందేమో మీకు, నాంచారయ్యకి మాత్రం నిజంగానే ప్రాణం మీదికొచ్చినట్టుంది. వంటింట్లోంచి ఏమిటీ నిశ్శబ్దం అనుకుంటూ సౌభాగ్యమ్మ కూడా గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీసి చాప మీద పెట్టాడు.

మూడు.

భద్రయ్య కోట గుమ్మంలో పడిపోయాడు. నాంచారయ్య తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టాడు. ఆయన దిగులు భద్రయ్య కోసం కాదు, పోయాడంటే పోయాడు. వెనకాల వాడు కట్లతో ఉన్నాడు, ఇప్పుడు వాడికి దిక్కెవరు? ఇన్నాళ్ళకి మొదటిసారి తన చేతుల్లో లెక్క తప్పబోతోందనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. శ్రీకృష్ణ చిన్నగొంతుతో, సేనాపతి భద్రయ్యని దాటుకుని ఖైదీ దగ్గరికొచ్చాడు, అన్నాడు.

భరత్ చాప మీద ముందుకి జరిగాడు. "రణధీరుడు మధ్యలో నిలబడ్డాడు" అన్నాడు. "ఖైదీ ఇప్పుడు నా దగ్గరున్నాడు. వారంటు ఏది?"

నువ్వు రాజుగారికి ప్రమాణం చేసినవాడివి, ఎదిరిస్తే నీ గడి పోతుంది, దేవుడిచ్చిన శక్తులన్నీ పోతాయి, మామూలు కత్తివాడివైపోతావు, అని శ్రీకృష్ణ గుర్తుచేశాడు. పోనీ, అన్నాడు భరత్, డబ్బా దగ్గరికి లాక్కుంటూ. లక్ష్మీదుర్గ కూడా తన కాగితం పట్టుకుని భరత్ పక్కకి జరిగి కూర్చుంది.

నాంచారయ్య మోకాళ్ళ మీద చేతులానించి నెమ్మదిగా లేచాడు. బిళ్ళ ఏదొస్తుందో చూసిపోండి మావయ్యగారూ అని భరత్ అన్నా ఆగలేదు. జైల్లో పోస్టు మీదున్నవాడు, తర్వాతి డ్యూటీ వాడొచ్చి తలలు లెక్క చూసుకుని తాళాలు అందుకునేదాకా కదలకూడదు. అందుకున్నాక నిలబడకూడదు. గుమ్మంలో ఉన్న సౌభాగ్యమ్మ ఆయన తడికళ్ళు చూసి, ఏమైందండీ, ఓడిపోయారా, అని కంగారుపడింది.

"లేదు. రిలీవరొచ్చాడు" అన్నాడాయన, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "అన్నం పెట్టు."